గాలి ముందు నుంచి వెనక్కి

నా మొదటి ఉద్యోగంలో నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కంప్యూటర్లు బాగుచేస్తావా అంటే కాదు. అమ్ముతావా అంటే అదీ కాదు. వాటి గురించి రాస్తాను అనేదాన్ని. "రాయడానికేముందే వాటి గురించి? పెళ్ళి సంబంధమా ఏమన్నానా?" అని నవ్వేవాడు మా నాన్న.

ఒక రకంగా అలాంటిదే. ఎత్తెంత, వెడల్పెంత, బరువెంత, ఎంత కరెంటు తింటుంది, ముందు ఏమున్నాయి, వెనక ఏమున్నాయి, ఎవరి పక్కన ఇముడుతుంది. కొత్త రకం పెట్టె ఏదొచ్చినా ఈ వివరాలన్నీ నేను రాసిపెట్టాలి.

మా ఆఫీసు గుంటూరులో, మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో, ఎరువుల కొట్టు పైన ఉండేది. కాయ వచ్చే కాలంలో ఘాటుకి మేమంతా దగ్గుతూనే పనిచేసేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. చుట్టుపక్కల పత్తి మిల్లులు, కోల్డు స్టోరేజీలు, జీడిపప్పు ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే కంప్యూటర్లు పెట్టుకుంటున్నాయి. వాటిని తెచ్చి, ఇనప ర్యాకులో బిగించి, ఏడాది పొడుగునా చూసుకునేది మా కంపెనీ. ఎక్కడ ఏ సామానుందో లెక్కాపత్రం లేదని హైదరాబాదులోని పెద్దాఫీసు వాళ్ళు ఒక లైబ్రరీ తయారుచేయమన్నారు. లైబ్రరీ అంటే పుస్తకాలనుకునేరు. సామాను జాబితా. ఒక్కో రకం పెట్టెకి ఒక్కో పేజీ. ఆ పేజీ ఒక్కసారి రాస్తే చాలు, అదే రకం పెట్టె ఏ ఊళ్ళో ఏ ర్యాకులో ఉన్నా దానికి ఆ పేజీయే వర్తిస్తుంది. బిగించే కుర్రాళ్ళు వెళ్ళే ముందు ఆ పేజీ అచ్చుతీసుకుని జేబులో పెట్టుకుపోతారు. అందులో ఏముంటే అదే చేస్తారు.

ఈ సౌకర్యంలో ఉన్న ప్రమాదమేమిటో మీకిప్పటికే తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో పెట్టుకుని, మా దూదేకుల వాళ్ళ వీధిలో ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళే మొదటి ఆడపిల్లనని విర్రవీగే వయసు నాది. నోరూ ఎక్కువే.

ఒక ఏడు వానాకాలం చివర్లో కొత్త రకం కంప్యూటరు వచ్చింది. చిన్నది. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ర్యాకులో ఎత్తుని అంగుళాల్లో చెప్పరు, 'యూ'ల్లో చెబుతారు. ఒక యూ అంటే ఒకటిముప్పావు అంగుళం. ఈ పెట్టె ఒక యూ ఎత్తు, అర ర్యాకు వెడల్పు. ఒక అరలో రెండు పడతాయి. తూకాలు, బేళ్ళ నంబర్లు రాసుకోవడానికి మిల్లులకి ఇది చాలు, చవక కూడా. మా సారు మురిసిపోయి ఒకేసారి బోలెడన్ని తెప్పించాడు.

నేను పేజీ రాయడం మొదలుపెట్టాను. ఎత్తు రాశాను. వెడల్పు రాశాను. ఎన్ని తీగలు ఎక్కడ తగిలించాలో రాశాను. చివర్లో ఒక గడి ఉంది, గాలి ఎటు నుంచి ఎటు వెళ్తుందని. ఇలాంటి పెట్టెల్లో ఫ్యాను ఒకవైపు నుంచి చల్లగాలి పీల్చి, లోపల వేడెక్కిన గాలిని ఇంకోవైపు వదులుతుంది. పెట్టెతోపాటు వచ్చిన కాగితంలో అన్నీ ఉన్నాయి గాని ఈ సంగతి లేదు. అప్పటిదాకా నేను రాసిన పెట్టెలన్నీ ముందు నుంచి పీల్చి వెనక నుంచి వదిలేవే. గడి ఖాళీగా ఉంచితే పేజీ పూర్తయినట్టు ఒప్పుకోదు ఆ ప్రోగ్రాము.

పెట్టె నా బల్ల మీదే ఉంది. ప్లగ్గు పెట్టి పక్కన ఒక కాగితం ముక్క పట్టుకుంటే అర నిమిషంలో తేలిపోయేది. దాని రెండు పక్కలా సన్నటి చిల్లులున్నాయి. వాటిని చూశాను కూడా. అందానికి పెట్టారనుకున్నాను. భోజనం వేళయింది, ఆకలేస్తోంది, దీనికేముందిలే అనుకుని 'ముందు నుంచి వెనక్కి' అని రాసి కిందికి దిగిపోయాను. తిరిగొచ్చేసరికి ప్రోగ్రాము నేను రాసినదాన్నిబట్టి బొమ్మ గీసిపెట్టింది. పెట్టె మధ్యలోంచి పొడుగాటి బాణం గుర్తు. చూడ్డానికి ఎంతో నమ్మకంగా ఉంది.

మా చిన్నాన్న ప్రత్తిపాడు దగ్గర ఒక పత్తి మిల్లులో పనిచేసేవాడు. మా నాన్నకి ఒక్కడే తమ్ముడు. మా నాన్న పరుపులు కుట్టే దుకాణం పెట్టుకుంటే, చిన్నాన్న ఇరవై ఏళ్ళ వయసులో మిల్లులో చేరి అక్కడే ఉండిపోయాడు. ఆయన పని బేళ్ళు చూడటం. నొక్కి కట్టిన దూది బేళ్ళు షెడ్డులో వరసగా పేర్చి ఉంటాయి. రోజూ పొద్దున్నే ఆ వరసల మధ్యన నడుస్తూ, ఒక్కో బేలు సందులో అరచెయ్యి దూర్చి చూస్తాడు. ఎక్కడో గింజ రాసుకునో, యంత్రంలో రాయి పడో ఒక నిప్పురవ్వ లోపల చిక్కుకుంటే పైకి ఏమీ తెలియదు. పొగ రాదు, వాసన రాదు. మూడు రోజులకో నాలుగు రోజులకో బేలు ఒక్కసారిగా భగ్గుమంటుంది. "దూది నిప్పుని కడుపులో దాచుకుంటదమ్మా, కక్కినప్పుడే మనకి తెలిసేది" అనేవాడు. చేతికి ఏ కాస్త వెచ్చగా తగిలినా ఆ బేలుని బయటికి దొర్లించి, ఎండలో ఖాళీ జాగాలో వదిలేస్తారు. అది నిజంగా వెచ్చనో కాదో ఎవరూ వాదించరు. చిన్నాన్న చెయ్యి చెప్పిందంటే అంతే.

ఆ మిల్లులో అగ్గిపెట్టె గేటు దాటి లోపలికి రాకూడదు. బీడీలు కాల్చేవాళ్ళు గేటు దగ్గర రేకు డబ్బాలో అన్నీ వదిలి రావాలి. చిన్నాన్న ఒకప్పుడు రోజుకి రెండు కట్టలు కాల్చేవాడు. దగ్గు పట్టుకుని డాక్టరు భయపెడితే మానేశాడు. మానేసి ఆరేళ్ళయినా ఊళ్ళో ఆయన్ని బీడీల సాయిబు అనడం మాత్రం ఎవరూ మానలేదు.

దీపావళి వెళ్ళాక ఆ మిల్లులోనూ మా ర్యాకు బిగించారు. దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు షెడ్డుని ఆనుకుని గుమాస్తా గది ఉంది. బేళ్ళ నంబర్లు అరిచి చెప్పడానికి ఆ గదికీ షెడ్డుకీ మధ్య ఒక కిటికీ. ఆ కిటికీ పక్కనే ర్యాకు. అందులో రెండు చిన్న పెట్టెలు పక్కపక్కన. వారం తిరక్కుండానే గుమాస్తా ఫోను చేశాడు, కంప్యూటరు మీద దూది నుసి వేలు మందాన పేరుకుంటోందని. మిల్లులో నుసి గాల్లో ఎగురుతూనే ఉంటుంది. యంత్రాలని గాలి పైపుతో ఊదినట్టు మా పెట్టెల్నీ ఊదేస్తున్నారని తెలిసి మా సారు తల పట్టుకున్నాడు.

ఉపాయం నేనే చెప్పాను. మా ఇంట్లో రేడియోకి గలేబు, మిక్సీకి గలేబు, కుట్టుమిషనుకి గలేబు. దుమ్ము పడకూడని వస్తువు ఏదుంటే దానికి మా నాన్న పరుపు గుడ్డతో తొడుగు కుట్టేస్తాడు. దూదితో బతికే వాళ్ళింట్లో అది మామూలే. ర్యాకుకీ ఒకటి కుట్టిద్దాం అన్నాను. "గాలాడాలి కదండీ" అన్నాడు సారు. నేను నా పేజీ అచ్చుతీసి బాణం చూపించాను. ముందూ వెనకా పల్చటి వల గుడ్డ, రెండు పక్కలా దట్టమైన పరుపు గుడ్డ, గట్టిగా బిగించి కడితే నుసి పోదు, గాలి పోతుంది.

కొలతలు నేనిచ్చాను, నాన్న కుట్టాడు. ఎంత చక్కగా కుట్టాడంటే, చారల పరుపు గుడ్డ ర్యాకు మీద ముడత లేకుండా కూర్చుంది. సారుకి తెగ నచ్చింది. ఆ చిన్న పెట్టెలు పెట్టిన పదకొండు చోట్లకీ కుట్టించాడు. లైబ్రరీలో ఆ పేజీ కింద 'గలేబు తొడగవచ్చు' అని ఒక ముక్క కూడా చేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సంక్రాంతి ముందర ఒక శుక్రవారం చిన్నాన్న నమాజుకి గుంటూరు వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నాడు. మధ్యాహ్నం గుమాస్తా ఇంటికి వెళ్ళినప్పుడు గంటసేపు ఆ గది చిన్నాన్న చేతికే అప్పగించేవాడట. అక్కడ నుసి తక్కువ కాబట్టి క్యారేజీ అక్కడే విప్పుకునేవాడు. తింటూ తింటూ అన్నాడు:

"మీ ర్యాకు ఎడంపక్క వెచ్చగా ఉంటందమ్మా."

"కంప్యూటరన్నాక వెచ్చగా ఉండదా చిన్నాన్నా?"

"అది కాదమ్మా. ఎనకమాల వెచ్చనైతే నేనూ అనుకుందును. ఎనకాల చల్లగానే ఉంది. పక్కన గుడ్డ మీద చెయ్యి పెడితే తగలతంది."

"పక్క నుంచి వేడి రాదు. వెనక నుంచే వస్తుంది."

"ఏమోనమ్మా. బేలయితే నేనీపాటికి బయటికి దొర్లించేవాణ్ణి."

నాకు కోపం వచ్చింది. ముప్పయ్యేళ్ళు దూది తడిమినాయన నాకు కంప్యూటర్ల సంగతి చెబుతాడా అనిపించింది. లేచి వెళ్ళి సంచీలోంచి ఆ పేజీ తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. బాణం మీద వేలు పెట్టి చూపించాను. "చూడు, ఇక్కడ రాసి ఉంది. గాలి ముందు నుంచి వెనక్కి. పక్కకి పోదు." చిన్నాన్న ఎడమచేత్తో ఆ కాగితం తీసుకుని, పెద్దగా చదవడం రాకపోయినా, బాణాన్ని చివరిదాకా వేలితో తడిమి చూశాడు. "రాసి ఉందంటే సరే మరి. నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు.

రాసింది నేనే. ఆ క్షణంలో ఆ సంగతి నాకు గుర్తే లేదు. నమ్మండి. అచ్చులో కనిపించేసరికి అదెవరో తెలిసినవాళ్ళు రాసిన మాటలాగే నాకూ కనిపించింది.

మాఘమాసంలో మిల్లు రాత్రింబగళ్ళు ఆడే రోజుల్లో చిన్నాన్న ఇంకోసారి కబురు చేశాడు, ఈసారి గుమాస్తా చేత ఫోను చేయించి. పక్క గుడ్డ రంగు మారినట్టుంది, ఒకసారి వచ్చి చూస్తావా అని. ఆ వారం నాకు తీరికలేదు. "చారల గుడ్డ కదండీ, మాసి ఉంటుంది. వచ్చే వారం వస్తాన్లెండి" అన్నాను.

వచ్చే వారం దాకా ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మా ఆఫీసుకి ఫోనొచ్చింది. బస్సు దిగకముందే పొగ కనిపించింది. మిర్చి కళ్ళాల అవతల, ఎర్రటి రాశుల మీదుగా తెల్లగా, బద్ధకంగా లేస్తోంది. దూది పొగ నల్లగా ఉండదు. దూరం నుంచి చూసేవాళ్ళకి పొగమంచనిపిస్తుంది. బస్సులో ఎవరో ఆవిడ "ఎవురి కొంపో" అంది.

ప్రాణాలేవీ పోలేదు, అది దేవుడి దయ. ప్రెస్సు షెడ్డు మొత్తం పోయింది. బేళ్ళు ఒక వరస తర్వాత ఒక వరస అంటుకున్నాయి. గుమాస్తా గది గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. చిన్నాన్న గేటు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మండుతున్న బేళ్ళని చేతుల్తో బయటికి లాగాడట. రెండు అరచేతులూ పొక్కిపోయి ఉన్నాయి. ఎవరో వాటి మీద పేస్టు రాశారు.

జరిగింది ఆయన మాటల్లో ఇంతే. గుమాస్తా వెళ్ళాడు. గదిలో కూర్చుని క్యారేజీ తిన్నాడు. కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గది నిండా పొగ, కిటికీలోంచి షెడ్డులోకి మండే పేలికలు ఎగురుతున్నాయి. నిప్పు ఆ గదిలోనే పుట్టింది, ఆ గదిలో ఉన్నది ఆయనొక్కడే.

మిల్లు ఓనరు చెడ్డమనిషి కాదు. ఆ సాయంత్రం అందరి ముందూ మెల్లగానే అడిగాడు.

"ఏమయ్యా, బీడీ ఏమన్నా ముట్టించావా?"

"లేదండి. మానేసి ఆరేళ్ళయిందండి."

"నిప్పు లేందే పొగెట్టా వచ్చుద్దయ్యా?"

"నాకు తెలవదండి. నేను ముట్టించలేదండి."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళంతా ఆయనతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు. ఒక్కడు కూడా నోరెత్తలేదు. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను.

మర్నాడు ఆఫీసుకి అందరికంటే ముందు వెళ్ళాను. అలమరలో అదే రకం పెట్టె ఇంకొకటుంది. దాన్ని బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టాను. నాన్న దుకాణంలోంచి తెచ్చిన దూది పింజ వెనక పట్టుకున్నాను. కదల్లేదు. ముందు పట్టుకున్నాను. కదల్లేదు. కుడిపక్క చిల్లుల దగ్గర పెట్టేసరికి లాగినట్టు వెళ్ళి అతుక్కుపోయింది. ఎడంపక్క పెడితే ఎగిరి కింద పడింది. అక్కడ చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. దట్టమైన పరుపు గుడ్డతో ఆ పెట్టె ముక్కూ నోరూ రెండూ మూసేసి, వల సందుల్లోంచి వచ్చిన నుసిని గుడ్డకీ వేడి చిల్లులకీ మధ్య నెలల తరబడి కూరిపెట్టింది నేనే.

అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. ఆ పెట్టె తీసుకుని ప్రత్తిపాడు బస్సెక్కి, ఓనరు ముందు పెట్టి, నిన్న మీరు అడిగిన నిప్పు ఇక్కడుంది అనాలి. నేను కంప్యూటరు ముందు కూర్చుని లైబ్రరీలో పేజీ తెరిచాను. 'ముందు నుంచి వెనక్కి' తీసేసి 'కుడి నుంచి ఎడమకి' అని మార్చాను. 'గలేబు తొడగవచ్చు' అన్న ముక్క చెరిపేశాను. మార్పుకి కారణం రాయమని అడిగింది ప్రోగ్రాము. 'చిన్న సవరణ' అని రాశాను. బాణం అడ్డంగా తిరిగింది. అంతే, ఎవరూ అడగలేదు.

తర్వాత నాలుగు రోజులూ బస్సుల్లోనే తిరిగాను. గలేబులు మాసిపోయాయి, ఉతికించి తెస్తానని సారుకి చెప్పి మిగిలిన పది చోట్లకీ వెళ్ళాను. పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట. ప్రతిచోటా గుండెలు చిక్కబట్టుకుని తాళం తీయించేదాన్ని. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు ఒలుస్తున్నారు, నవ్వుకుంటున్నారు, ఒకావిడ పిల్లకి పాలిస్తోంది. వాళ్ళ వీపుల వెనక మా ర్యాకు. గలేబు విప్పాను. ఎడంపక్క లోపలివైపు అరచెయ్యంత గోధుమరంగు మచ్చ. మధ్యలో గుడ్డ కాలి పెళుసెక్కింది, గోరు తగిలితే రాలింది. దాన్ని మడతపెట్టి సంచీలో పెట్టుకుని బయటికొచ్చి గోడవారన కూర్చుండిపోయాను. ఆ పిల్ల వంక చూడలేకపోయాను.

ఆ గుడ్డ నాన్న కంటపడింది. పరుపు గుడ్డ మీద ఏ మచ్చ దేనివల్ల వస్తుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మిల్లుదా?"

"కాదు. వేటపాలేనిది."

"మిల్లులో ఉన్నదీ ఇట్టాగే ఉండుంటదా?"

దూది పింజ పట్టి చూసిన సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "కొలతలు నువ్వే ఇచ్చావు, కుట్టింది నేను. పద, ఇద్దరం పోయి చెబుదాం" అన్నాడు. నేను ఏడ్చాను. ఉద్యోగం పోతుందన్నాను, ఇంకెక్కడా రానివ్వరన్నాను, కేసు పెడతారన్నాను. చివరికి ఆయన గుడ్డ మడతపెట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాడు. "నీ అంతట నువ్వు చెప్పేదాకా నేను చెప్పను. కానీ చెప్పాలి. వాడు నా తమ్ముడే" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా రెండు పత్తి కాలాలు నోరు మూసుకున్నాను. కారణాలు వెతకను. భయం, అంతే.

ఆ రెండేళ్ళలో చిన్నాన్న మీద జరిగిందంతా నేను చూశాను. బీడీ వల్లే అని ఒప్పుకుని రాసిస్తే పోలీసుల దాకా వెళ్ళనన్నాడు ఓనరు. మొదట్లో చిన్నాన్న ఒప్పుకోలేదు. పెద్దమనుషులు నచ్చజెప్పారు. పిన్ని ఏడ్చింది. నెల్లాళ్ళకి సంతకం పెట్టాడు. ఏ మిల్లూ ఆయన్ని మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు. చేతులు మానాయి గాని చర్మం గట్టిపడిపోయి వేడీ చలీ సరిగ్గా తెలిసేవి కావు. గుంటూరొచ్చి, మిర్చి గోడౌన్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కూర్చుని తొడిమలు తీసేవాడు. మగవాళ్ళెవరూ ఆ పనికి కూర్చోరు. నేను ఆఫీసుకి అటుగానే వెళ్ళాలి. చుట్టూ తిరిగి వేరే దారిన పోయేదాన్ని.

హైదరాబాదులో వేరే ఉద్యోగం దొరికి, కాగితాలు చేతికొచ్చాకే నాకు ధైర్యం వచ్చింది. దాన్ని ధైర్యం అనొచ్చో లేదో నాకు తెలియదు. ముందు ఓనరు దగ్గరికి వెళ్ళాను. కొత్త షెడ్డులో కుర్చీ వేయించి మర్యాదగానే కూర్చోబెట్టాడు. అంతా విన్నాడు. "ఇప్పుడెందుకమ్మా ఇయ్యన్నీ? అతనే రాసిచ్చాడుగా. నువ్వు చిన్నపిల్లవి, మీ బాబాయి మీద ప్రేమతో అంటన్నావు. పోనీలే" అని కాఫీ తెప్పించాడు.

అక్కణ్ణుంచి తిరిగొచ్చి, నాన్నని తీసుకుని ట్రంకు పెట్టెలోని ఆ గుడ్డతో చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. ఒక ఆదివారం పొద్దున. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లో మిరప మంట తగ్గడానికి నూనె రాస్తున్న పిన్ని మమ్మల్ని చూసి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను నిలబడే చెప్పాను. గడి సంగతి, భోజనం వేళ సంగతి, బాణం సంగతి, మర్నాడు దూది పింజ పట్టుకుని చూసిన సంగతి. తడబడకుండా చెప్పాలని దారంతా అనుకున్నాను. సగంలోనే వరస తప్పింది. "నువ్వు చెప్పావు చిన్నాన్నా, ఎడంపక్క వెచ్చగా ఉందని. నీ చెయ్యే నిజం. నిప్పు నాది" అన్నాను. నాన్న గుడ్డ విప్పి ఆయన ఒళ్ళో పరిచాడు.

చిన్నాన్న ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తీసి ముందు మా నాన్న మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. కళ్ళు తడిశాయి.

"నేనే కాల్చానమ్మా" అన్నాడు. "ముందర నాకూ గుర్తు రాలేదు. అందరూ అంటంటే, రోజూ తలుచుకుంటంటే, మెల్లగా గుర్తొచ్చింది. చొక్కా జేబులో ఒక్కటుంది. అన్నం తిన్నాక పేణం లాగింది. కిటికీ కాడ నిలబడి ముట్టించా. దర్గాలో ఫాతిహా చదివించి దేవుడి ముందర ఒప్పుకున్నా కూడాను."

"లేదు చిన్నాన్నా, నువ్వు ముట్టించలేదు. ఆరోజు ఓనరుకి నువ్వే చెప్పావు."

"ఆరోజు భయపడి అబద్ధం చెప్పా." ఆయన గుడ్డని జాగ్రత్తగా మడత పెట్టడం మొదలుపెట్టాడు. "ఇస్త్రీ పెట్టె మచ్చ నాకు తెలవదా అమ్మా? ఉద్యోగం చేసుకునే పిల్లవి, నా కోసమని ఇంత నింద నెత్తినేసుకుంటావా?"

మా నాన్న నోరు తెరిచి ఏదో అనబోయాడు. చిన్నాన్న నా తల మీద చెయ్యి వేసి, తలుపు వైపు తిరిగి పిన్నిని పిలిచాడు.

"ఇదిగో, ఇటు రా. అన్నా కూతురూ నాకోసం గుడ్డ కాల్చుకుని తెచ్చారు, చూడు. ఇంతటి మనుషులుండగా నాకేం తక్కువ? టీ పెట్టు."

మేం టీ తాగి వచ్చేశాం.